ఆటో బండి విద్యుద్దోషములు – వాటి నిదానము

తెనాలి నుండి రేపల్లెకు పోవు మార్గమున, ఇరుప్రక్కల వరిచేలను, నడుమనడుమ ఎదురగు కాలువ వంతెనలను దాటుచు పోవు ప్రయాణికునకు వేమూరు నడిమి మజిలీ. ఆ మజిలీయందును, అట్టివే అయిన జంపని, భట్టిప్రోలు, కొల్లూరు కూడళ్లయందును తెల్లవారకమునుపే వచ్చి నిలుచు వాహనము మూడు చక్రముల ఆటో. బస్సు రాని డొంకలకును, రైలుకు దూరమైన ఊళ్లకును మనుష్యులను చేర్చునది అదియే. లంకలలోని అరటిగెలలను, దుగ్గిరాల యార్డునకు పోవు పసుపు బస్తాలను, నాట్లకు పోవు కూలి తల్లులను, బడికి పోవు పిల్లలను, అర్ధరాత్రివేళ పురిటినొప్పులతో తెనాలి ఆసుపత్రికి చేరవలసిన ఆడపడుచును మోయునది అదియే. ఇట్టి బండి ఒకనాటి ఉదయమున తాళము త్రిప్పినను కదలక మెదలక నిలిచిపోయినచో, ఆ దినపు కిరాయి పోవుటయే కాదు, దానిని నమ్ముకొన్న పదిమంది పనులును నిలిచిపోవును.

అట్లు నిలిచినపుడు దోషము ఇంజనులో నున్నదా, విద్యుత్తులో నున్నదా అనునది మొదటి ప్రశ్న. ఇంజను దోషము శబ్దముచేతనో, పొగచేతనో, చమురు కారుటచేతనో తన్నుతాను తెలుపుకొనును. విద్యుత్తు కంటికి కనబడదు, చెవికి వినబడదు. అందుచేత దాని విషయమున ఊహకు చోటెక్కువ, ఊహ తప్పినపుడు వ్యయమును ఎక్కువ. "బ్యాటరీ పోయింది బాబాయ్, కొత్తది వేసుకో" అను మాట ఎంత సులభముగా వచ్చునో, ఆ మాటను నమ్మి వేలరూపాయలు పోసి క్రొత్త బ్యాటరీ వేయించిన బండి నెల తిరుగకుండ మరల మొరాయించుటయు అంత సులభముగా జరుగును. ఏలనన, పాత బ్యాటరీని చంపిన దోషము బండిలోనే యుండి, క్రొత్తదానిని కూడ చంపుటకు పూనుకొనును. ఈ వ్యాసమున చెప్పదలచినది ఇంతమాత్రమే: ఆటోలో విద్యుత్తుపై నమ్మకమును చెడగొట్టునవి పెక్కుసారులు ఖరీదైన పెద్ద భాగములు కావు, వాటిని ఒకదానితోనొకటి కలుపు చిన్న చిన్న అతుకులు, వాటిని పట్టుకొనుటకు సాధనము ఊహ కాదు, కొలత.

మూడు చక్రములతోనే మొదలు

మోటారు వాహనముల చరిత్రయే మూడు చక్రములతో ఆరంభమైనది. జర్మనీదేశమున మన్‌హైము నగరమునందలి కార్ల్ బెంజ్ 1886 జనవరి 29న పేటెంటునకై దరఖాస్తు పెట్టిన బండికి చక్రములు మూడే. దాని ఇంజనులో ఇంధనము నంటించుటకు ఆయన ఎన్నుకొన్న ఉపాయము, బ్యాటరీయు తీగచుట్టయు గలిసి పుట్టించు విద్యుత్ స్ఫులింగము. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా, తన ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని, అట్టి బండిపై మన్‌హైము నుండి ఫోర్జ్‌హైము వరకు సుమారు 106 కిలోమీటర్లు ప్రయాణము చేసెను. త్రోవలో ఇంధనపు గొట్టము పూడుకొనగా టోపీకి గ్రుచ్చుకొను సూదితో పొడిచి తెఱచెననియు, జ్వలనపు తీగమీది తొడుగు అరిగి విద్యుత్తు దారితప్పగా తన మేజోటి పట్టీనే దానికి చుట్టి బాగుచేసెననియు చెప్పుదురు. లోకములోని మొట్టమొదటి దూరపు మోటారు ప్రయాణమునందు ఎదురైన విద్యుద్దోషము, నేడు వేమూరు స్టాండులో ఎదురగు దోషమే: తొడుగు పోయిన తీగ.

ఆ కాలపు బండ్లకు వేరొక కష్టము గూడ నుండెను. బ్యాటరీలోని శక్తి వ్యయమగుటయే గాని, నడచుచున్న బండి దానిని మరల నింపు మార్గము లేకుండెను. అయస్కాంతమును త్రిప్పి అప్పటికప్పుడు విద్యుత్తును పుట్టించు మాగ్నెటో యంత్రము ఆ కొఱతను తీర్చెను. రాబర్ట్ బాష్ అను జర్మన్ యంత్రకారుని కార్ఖానా 1897లో ఆ యంత్రమును మొదటిసారిగా ఒక వాహనమున కమర్చి విజయము పొందెను. ఆ వాహనము డి డియోన్-బూటోన్ అను ఫ్రెంచి కంపెనీవారి మూడు చక్రముల మోటారు సైకిలు. తరువాత ఏబదియేండ్లకు, 1948లో, ఇటలీదేశపు పియాజియో సంస్థ స్కూటరు ముందుభాగమునకు వెనుక రెండు చక్రముల పెట్టెను జతచేసి 'ఆపే' అను బండిని వెలువరించెను. మనదేశమున బజాజ్ ఆటో సంస్థ రెండు, మూడు చక్రముల వాహనములను తయారుచేయుటకు 1959లో ప్రభుత్వమువారి అనుమతి పొందెను. అడుగున నున్న చేతిమీటను పైకి గుంజి ఇంజనును లేపు పాత ఆటోలను చూచినవారు ఇంకను పెక్కుమంది కలరు. ఆ బండికి బ్యాటరీ బలహీనమైనను చేతిబలము మిగిలియుండెను; నేటి బండికి సెల్ఫు మోటారే ఆధారము గనుక, విద్యుత్తుపై మన మాధారపడుట మునుపటికంటె ఎన్నియో రెట్లు పెరిగినది.

నిలువయు ఉత్పత్తియు

ఆటోలోని విద్యుత్ వ్యవస్థకు రెండు మూలములు. మొదటిది నిలువచేయు బ్యాటరీ. 1859లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్తో ప్లాంతే కనిపెట్టిన సీసపు బ్యాటరీయే, రూపము మాఱినను తత్త్వము మాఱక, నేటికిని మన బండ్లలో నున్నది. సజల గంధకామ్లమునందు ఒక ప్రక్క సీసపు పలకలును, ఒక ప్రక్క సీసపు ఆక్సైడు పలకలును మునిగియుండును. విద్యుత్తును వెలికి తీయునపుడు రెండు పలకలమీదను సీసపు సల్ఫేటు ఏర్పడి, ఆమ్లము పలుచబడును; చార్జి చేయునపుడు ఆ సల్ఫేటు కరగి ఆమ్లము మరల చిక్కబడును. ఒక్కొక్క అరనుండి సుమారు 2.1 వోల్టులు వచ్చును. అట్టి అరలు ఆరు వరుసగా కలుపబడియుండుటచేత, పూర్తిగా నిండి విశ్రాంతిగా నున్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపును. అది 12.2 వోల్టులకు దిగినచో సగము ఖాళీయైనదనియు, 12 వోల్టులకంటె దిగినచో దాదాపు అడుగంటినదనియు గ్రహింపవలెను. పేరునకు పండ్రెండు వోల్టుల బ్యాటరీ గనుక పండ్రెండున్నచో చాలునని తలచుట పెద్ద పొరపాటు.

రెండవది ఇంజనుతోపాటు తిరుగుచు విద్యుత్తును పుట్టించు మాగ్నెట్. తీగచుట్ట నంటియున్న అయస్కాంత క్షేత్రము మాఱినపుడు ఆ చుట్టలో విద్యుత్తు పుట్టునని 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న సత్యమే దీనికి మూలము. అయస్కాంతము ఎంత వేగముగా తిరిగినచో అంత ఎక్కువ వోల్టేజి పుట్టును. ఇంజను మెల్లగా తిరుగునపుడు తక్కువయు, వేగముగా తిరుగునపుడు ఎక్కువయు వచ్చును. అదియు దిశ మార్చుకొను విద్యుత్తు గనుక బ్యాటరీకి నేరుగా పనికిరాదు. కావున దానిని ఏకదిశగా మార్చుటకు రెక్టిఫయరును, ఎక్కువైనదానిని అదుపుచేయుటకు రెగ్యులేటరును ఒకే పెట్టెలో నమర్చి మధ్య నుంచుదురు. బండి నడచుచుండగా బ్యాటరీ ధ్రువములవద్ద 13.8 నుండి 14.5 వోల్టులవరకు కనబడినచో ఈ మూడును తమతమ పనులను సక్రమముగా చేయుచున్నవని యర్థము.

షేరు ఆటో జీవితమునకును ఈ యేర్పాటునకును ఒక వైరుధ్యము కలదు. షేరు ఆటో ఊరూర నాగును. జనము నిండువఱకు ఇంజను మెల్లగా తిరుగుచు నిలుచును. అంతసేపును పాటల పెట్టె మ్రోగుచుండును, రంగుదీపములు వెలుగుచుండును, చోదకుని చరవాణి చార్జి అగుచుండును. 40 వాట్ల పాటల పెట్టె సుమారు 3.3 ఆంపియర్ల విద్యుత్తును గైకొనును. ఇంజను ఆపి పాటలు మాత్రము పెట్టినచో, 32 ఆంపియర్-గంటల క్రొత్త బ్యాటరీ సైతము ఐదు గంటలలో సగము ఖాళీయగును. నిండుటకంటె ఖాళీయగుట ప్రతిదినమును కొంచెము కొంచెముగా నెక్కువైనచో, పలకలమీది సీసపు సల్ఫేటు మెత్తని స్థితినుండి గట్టి స్ఫటికములుగా మాఱును. అట్లు గట్టిపడినది తరువాత ఎంత చార్జి చేసినను తేలికగా కరగదు. బ్యాటరీ చచ్చినదని మనము చెప్పుకొను పెక్కు మరణములు ఇట్టి అర్ధాహారమువలన కలిగినవే.

కాలువ చివరి చేను

బ్యాటరీయు మాగ్నెట్టును బాగుగా నున్నను బండి పనిచేయకపోవుటకు కారణ మేమి? డెల్టా రైతునకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. ప్రకాశం బ్యారేజివద్ద కాలువకు నిండుగా నీరు విడిచినను, త్రోవలో గుఱ్ఱపుడెక్క పెరిగి, పూడిక పేరుకొని, తూములవద్ద చెత్త అడ్డుపడినచో, రేపల్లె, నిజాంపట్నము వైపు చివరి భూములకు నీరందదు. తలవద్ద మట్టము చూచి చివర నీరున్నదనుట ఎట్లు చెల్లదో, బ్యాటరీవద్ద వోల్టేజి చూచి దీపమువద్ద గూడ అంతయే యున్నదనుట అట్లే చెల్లదు. త్రోవలోని ప్రతి అడ్డంకియు కొంత మట్టమును తినివేయును. 1827లో జర్మన్ శాస్త్రజ్ఞుడు గియోర్గ్ ఓమ్ ప్రకటించిన సూత్రము దీని లెక్కను ఒక్క వాక్యమున చెప్పుచున్నది: అతుకువద్ద పోగొట్టుకొను వోల్టులు, దానిగుండ ప్రవహించు ఆంపియర్లను ఆ అతుకు నిరోధముచేత గుణించినంత.

ఒక లెక్క చూతము. 35 వాట్ల హెడ్‌లైటు 12 వోల్టులవద్ద సుమారు 2.9 ఆంపియర్లు గైకొనును. తీగలను కలుపు కప్లరు ఒకటి చిలుము పట్టి, దానిలో అర ఓము నిరోధ మేర్పడినచో, దీపమునకు చేరవలసిన దానిలో సుమారు 1.3 వోల్టులు అక్కడనే పోవును. పోయినది పదియవ వంతేకదా యని ఉపేక్షింపరాదు. తీగ కాగి వెలుగునిచ్చు బల్బులో కాంతి వోల్టేజితో సమానముగా తగ్గదు, దానికంటె ఎన్నియో రెట్లు వేగముగా తగ్గును. వోల్టేజిలో పదియవ వంతు తగ్గినచో వెలుతురులో దాదాపు మూడవ వంతు పోవును. చీకటిరాత్రి, దీపములు లేని కాలువగట్టు దారిలో, ఎదుట ధాన్యపు లోడుతో నిలిచిన ట్రాక్టరు కనబడుటకును కనబడకుండుటకును గల భేదము ఆ మూడవ వంతే.

సెల్ఫు మోటారు విషయమున ఈ లెక్క మఱింత కఠినమగును. ఇంజనును కదల్చు క్షణమున అది పదులకొలది ఆంపియర్లను, డీజిలు బండ్లలో నూరును మించి కూడ, ఆకర్షించును. నూరు ఆంపియర్లు పోవు మార్గమున ఓములో ఏబదియవ వంతు నిరోధమున్నను రెండు వోల్టులు మాయమగును. పైగా ఆ అతుకులోనే 200 వాట్ల శక్తి వేడిగా మాఱును. అందుచేతనే, రెండుమూడు మార్లు సెల్ఫు నొక్కిన పిమ్మట ఏ అతుకు చేతికి వెచ్చగా తగులునో దోషమచ్చటనే యున్నదని అనుభవజ్ఞులైన మెకానిక్కులు చెప్పుదురు. వారి మాటకు ఆధారము, 1840 ప్రాంతమున ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు జేమ్స్ జౌల్ కనుగొన్న ఉష్ణ సూత్రము: పుట్టు వేడి ప్రవాహపు వర్గము ననుసరించి పెరుగును.

వెళ్లు మార్గమును గూర్చి జాగ్రత్త పడువారు సైతము తిరిగివచ్చు మార్గమును మఱచుట కలదు. ఆటోలో ప్రతి దీపమునకును రెండు తీగలు బ్యాటరీవఱకు పోవుట లేదు. ఒక తీగ మాత్రమే పోయి, రెండవ త్రోవగా బండి ఇనుప దేహమే పనిచేయును. దీనినే మన మెకానిక్కులు ఎర్తు అందురు. ఎర్తు తీగ బిగించినచోట రంగు పూసియున్నను, త్రుప్పు పట్టినను, మఱ వదులైనను, విద్యుత్తు తిరుగుత్రోవ లేక వేఱొక దీపముగుండ దారి వెదకికొనును. బ్రేకు త్రొక్కినపుడు వెనుకదీపము మసకబారుట, ఎడమ సూచకము వేసినపుడు కుడిదికూడ మెల్లగా మిణుకుట, హారను మ్రోగించినపుడు హెడ్‌లైటు క్రుంగుట, ఇవి బల్బుల తప్పులు కావు. ఎర్తు చెడినదనుటకు గుఱుతులు.

తేమ, ఉప్పు, కుదుపు

కృష్ణా పశ్చిమ డెల్టా విద్యుత్ అతుకులకు కఠినమైన పరీక్షాస్థలము. సముద్రము చేరువ, సంవత్సరమున పెక్కు నెలలు గాలిలో తేమ, కాలువలనుండియు, మాగాణి చేలనుండియు లేచు ఆవిరి. స్వచ్ఛమైన నీరు విద్యుత్తును అంతగా పోనీయదు. దానిలో ఉప్పు కరగినపుడు మాత్రము అది మంచి వాహకమగును. రాగితీగ, తగరపు పూత, సీసపు ధ్రువము, ఇనుప మఱ, ఇవి వేర్వేరు లోహములు. వేర్వేరు లోహములనడుమ ఉప్పునీటి చెమ్మ చేరినచో అచ్చట ఒక చిన్న విద్యుద్ఘట మేర్పడునని 1800లో వోల్టా చూపినాడు. అట్టి ఘటము అతుకులో నేర్పడినపుడు బలహీనమైన లోహము క్రమముగా క్షయించును. కప్లరులలోని పచ్చని చిలుమును, బ్యాటరీ ధ్రువములపై పేరుకొను తెల్లని, నీలిరంగు పొడియును ఆ రసాయన వ్యాపారపు మిగులు.

తుఫానులును వఱదలును ఈ క్షయమును ఒక్కదినమున ఏండ్లకొలది ముందునకు త్రోయును. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల సమీపమున తీరమును దాటినది. 2024 సెప్టెంబరు మొదటి దినములలో ప్రకాశం బ్యారేజినుండి 11 లక్షల క్యూసెక్కులకు పైబడిన ప్రవాహము దిగివచ్చి, కొల్లూరు, భట్టిప్రోలు, రేపల్లె మండలములలోని లంకలను ముంచినది. నీట మునిగిన ఆటో పైకి ఆరినట్లు కనబడినను, కప్లరుల లోపల ఒండ్రుమట్టి నిలిచి, తేమను నెలలతరబడి పట్టియుంచును. అట్టి బండిని వెంటనే స్టార్టు చేయుట తగదు. మొదట బ్యాటరీ తీగను విడదీసి, కప్లరులను ఒక్కొక్కటిగా విప్పి, మంచినీటితో బురద కడిగి, పూర్తిగా ఆరబెట్టి, ఆ పిమ్మటనే విద్యుత్తును పోనీయవలెను. మురికినీటితో తడిసిన అతుకులో విద్యుత్తు పోవుచున్నచో క్షయము పెరుగును గాని తగ్గదు.

పెట్రోలు, గ్యాసు బండ్లలో వాన ఇంకొక రూపమున బాధించును. జ్వలనమును నడుపు సీడీఐ పెట్టెలోని కెపాసిటరు కొన్ని వందల వోల్టులవరకు నిండి, తీగచుట్టలోనికి క్షణమాత్రమున ఖాళీకాగా, స్పార్కు ప్లగ్గువద్ద వేలకొలది వోల్టులు పుట్టును. అంత వోల్టేజి, ప్లగ్గు ముందటి అర మిల్లీమీటరుకంటె కొంచె మెక్కువైన సందును దాటి మంటను పుట్టించును. కాని ప్లగ్గు తీగ తొడుగు పగిలి, అందు వానచెమ్మ చేరినచో, ఆ విద్యుత్తునకు సందును దాటుటకంటె తడిసిన తొడుగుమీదుగా ఇంజను దేహమునకు ప్రాకుట సులభము. వాన వెలసి బండి ఆరిన పిమ్మట దోషము మాయమగును. కావున మెకానిక్కువద్దకు పోవునప్పటికి ఏమియు కనబడదు. చీకటిలో ఇంజను నడిపి చూచినచో ఆ తీగవెంట నీలికాంతి ప్రాకుట కనబడును. డీజిలు బండికి ఈ బాధ లేదు. గాలిని గట్టిగా నొక్కినపుడు పుట్టు వేడిచేతనే అందు ఇంధనము మండును.

ఇక కుదుపు. ఒకే సిలిండరుగల ఇంజను ప్రతి ప్రేలుడునకును బండిని కుదుపును. గుంటలు పడిన దారి ఆ అదురును ఇనుమడింపజేయును. కప్లరులోని పురుష, స్త్రీ భాగములు వెండ్రుకవాసికంటెను తక్కువ దూరము ముందువెనుకలు కదలుచుండును. ఆ స్వల్ప చలనమే తగరపు పూతను అరగదీసి, అరిగినచోట ఆక్సైడు పొరను పేర్చును. తీగలోని సన్నని రాగిపోగులు ఒక్కొక్కటిగా తెగును. సోల్డరు వేసిన అతుకులలో, సోల్డరు ప్రాకి గట్టిపడిన చోటునకును మెత్తని చోటునకును సరిహద్దుననే అవి తెగుట సాధారణము. అందుచేత వాహనములలో సోల్డరుకంటె సరియైన పనిముట్టుతో నొక్కి బిగించిన లగ్గులు మేలని నిపుణులమతము. పోగులలో సగము తెగినను తీగ పైకి చక్కగానే కనబడును. ఒక గుంటలో వెలిగి మఱియొక గుంటలో ఆఱు దీపము ఆ దాగిన గాయమును తెలుపును.

నమ్మకపు లెక్క

ఒక్కొక్క అతుకు ఇంత స్వల్పమైనదికదా, దానికింత గౌరవ మెందుకని ప్రశ్నింపవచ్చును. దీనికి సమాధానము గణితము చెప్పును. వరుసగా నున్న భాగములలో ఏ ఒక్కటి చెడినను మొత్తము చెడునపుడు, ఆ మొత్తముయొక్క విశ్వసనీయత భాగముల విశ్వసనీయతలను ఒకదానితోనొకటి గుణించినంత. రెండవ ప్రపంచయుద్ధ కాలమున జర్మనీలో వీ-1 ఎగిరే బాంబు నిర్మాణమున పాల్గొన్న రాబర్ట్ లుస్సర్ పేర ఈ సూత్రము ప్రసిద్ధమైనది.

బ్యాటరీ ధ్రువము మొదలు, ఫ్యూజు, తాళము, స్విచ్చి, కప్లరులు, ఎర్తువఱకు ఒక వలయములో ఇరువది అతుకులున్నవనుకొందము. ఒక్కొక్కటి సంవత్సరము పొడుగున చెడకుండుటకు నూటికి 99 పాళ్ల అవకాశమున్నను, ఇరువదింటి నమ్మకమును గుణించినచో నూటికి 82 మాత్రమే మిగులును; అనగా ఆ సంవత్సరమున ఐదారు బండ్లలో నొకటి నిలిచిపోవును. ఒక్కొక్క అతుకును శుభ్రపఱచి, బిగించి, దాని నమ్మకమును 99 నుండి 99.9కి పెంచినచో మొత్తము నూటికి 98కి చేరును. అపుడు నిలిచిపోవునది ఏబది బండ్లలో నొకటి. అతుకున కతుకు చూచిన భేదము ఒక శాతమైనను కాదు. బండికి బండి చూచిన భేదము తొమ్మిదింతలు. పాటల పెట్టెకును, అదనపు దీపములకును అడ్డదిడ్డముగా తీగలను గిల్లి కలిపిన ప్రతిమాఱును ఈ గుణకారములోనికి బలహీనమైన అంకె నొకదానిని చేర్చుచున్నామని గుర్తింపవలెను.

కొలిచి కనుగొనుట

కొన్ని వందల రూపాయలకు దొరకు మల్టీమీటరుతో ఈ దోషములలో పెక్కింటిని క్రమముగా పట్టవచ్చును. రాత్రియంతయు విశ్రమించిన బండిలో, తాళము త్రిప్పకమునుపు, బ్యాటరీ వోల్టేజిని చూడుట మొదటి మెట్టు. అది 12.4కు పైనున్నచో నిలువ సరియే. తరువాత సెల్ఫు నొక్కుచుండగా అదే చోట చూడవలెను. 9.6 వోల్టులకంటె దిగజారినచో బ్యాటరీ బలహీనము. 12 దగ్గఱనే నిలిచి మోటారు తిరుగనిచో, బ్యాటరీ నిర్దోషి, దోషము త్రోవలో నున్నది. ఇచ్చటనే క్రొత్త బ్యాటరీ వ్యయము తప్పును.

త్రోవను పరీక్షించుటకు, మీటరు ఒక కొనను బ్యాటరీ ఋణధ్రువముపైనను, రెండవ కొనను ఇంజను దేహముపైనను ఉంచి సెల్ఫు నొక్కవలెను. మంచి ఎర్తునకు మీటరు సున్నకు దగ్గఱగా చూపును. అర వోల్టునకు మించినచో ఎర్తులో దోషము నిశ్చయము. అట్లే ధనధ్రువమునుండి మోటారువఱకును చూడవలెను. తీగలను విప్పి ఓములు కొలుచుటకంటె, విద్యుత్తు పోవుచుండగా వోల్టులు కొలుచుట మేలు. ఏలనన ఒక్క పోగుమీద వ్రేలాడు తీగ ఓముల పరీక్షలో నెగ్గును గాని, బరువు మోయవలసివచ్చినపుడు ఓడును. ఆ పిమ్మట ఇంజను నడిపి, కొంచెము వేగము పెంచి, చార్జింగు చూడవలెను. 13కు లోపైనచో మాగ్నెట్, రెక్టిఫయరు, వాటి కప్లరు పరిశీలింపవలెను. 15 దాటినచో రెగ్యులేటరు అదుపు తప్పినదని యర్థము. అట్టి బండిలో బల్బులు మాటిమాటికి మాడును, బ్యాటరీ నీరు మరగి తగ్గును. రెగ్యులేటరును మార్చుటకుముందు దాని ఎర్తును శుభ్రపఱచి మరల చూడుట న్యాయము. చివరకు, తాళము తీసిన బండిలో ఎంత విద్యుత్తు కారుచున్నదో ఆంపియర్లలో చూడవలెను. అర ఆంపియరు కారినను ఒక్క దినములో 12 ఆంపియర్-గంటలు వృథాయగును.

దోషము కనబడినచో చికిత్స కష్టము కాదు. తీగలు విప్పునపుడు ఋణధ్రువమును ముందుగా విప్పవలెను. ధనధ్రువమును ముందు విప్పబోయి పానా బండి ఇనుమునకు తగిలినచో నిప్పురవ్వలు లేచును, చార్జి అగునపుడు వెలువడు హైడ్రోజను సమీపమున నున్నచో ప్రేలుడు సంభవించును. ధ్రువములపై పొడిని తినే సోడా కలిపిన నీటితో కడిగి, ఆ నీరు అరలలోనికి పోకుండ చూచి, ఆరబెట్టి, బిగించి, పైన వాజలీను పూయవలెను. బ్యాటరీలో తగ్గిన నీటికి డిస్టిల్డు వాటరే పోయవలెను; తీరప్రాంతపు బోరునీటిలోని లవణములు పలకలను పాడుచేయును. తీగలను కప్లరుకంటె క్రిందికి వంచి కట్టినచో వాననీరు ఆ వంపునుండి కారిపోవును. మాడిన ఫ్యూజుస్థానమున రాగితీగను చుట్టుట ఎన్నడును చేయరాదు. ఫ్యూజు మాడుట దోషమును తెలుపుట, తీగను చుట్టుట ఆ తెలుపు నోటిని మూయుట. గ్యాసు బండిలో ఆ పని ప్రాణాంతకము.

బ్యాటరీయే ఇంజనైనపుడు

ఈ విద్య రేపటికి మఱింత అవసరము. 2018లో మహీంద్రా సంస్థ ట్రియో అను లిథియం బ్యాటరీ ఆటోను వెలువరించినది. తరువాత పియాజియో, బజాజ్ సంస్థలును విద్యుత్ ఆటోలను తెచ్చినవి. తిరుపతి సమీపమున కరకంబాడిలో సీసపు బ్యాటరీలతో పేరుపొందిన అమరరాజా సంస్థ, మహబూబ్‌నగరము చేరువ దివిటిపల్లివద్ద లిథియం సెల్లుల కర్మాగారమునకు 2023లో శంకుస్థాపన చేసినది. ఈ బండ్లలో మాగ్నెట్టు లేదు, ప్లగ్గు లేదు, సెల్ఫు లేదు. చెడుటకు అవకాశమున్న కదలు భాగములు ఎన్నియో తగ్గినవి. కాని అతుకుల ప్రాధాన్యము తగ్గలేదు, పెరిగినది. 48 వోల్టులవద్ద 8 కిలోవాట్ల శక్తి కావలసినచో సుమారు 167 ఆంపియర్లు ప్రవహింపవలెను. ఆ త్రోవలో ఓములో వేయవ వంతు నిరోధ మేర్పడినను 28 వాట్ల వేడి అక్కడ నిరంతరము పుట్టుచుండును. ప్లాస్టిక్కు కప్లరు కరగుటకు అది చాలును.

కావున విద్యుత్ ఆటో యజమాని చార్జింగు ప్లగ్గు వెచ్చనగుటను, కాలిన వాసనను అలక్ష్యము చేయరాదు. ఐపీ 67 అను గుఱుతు, మీటరు లోతు నీటిలో అరగంట మునిగినను లోనికి నీరు రాదనుటకు. అధిక పీడనపు నీటిధారతో బండి కడుగవచ్చుననుటకు కాదు. బ్యాటరీ పెట్టెను శిక్షణ లేనివారు విప్పరాదు. వేసవి మండుటెండలో నడిచివచ్చిన బండిని వెంటనే చార్జికి పెట్టక కొంత చల్లారనిచ్చుట మేలు. సీసపు బ్యాటరీయైనను, లిథియం బ్యాటరీయైనను, వేడి పెరిగినకొలది లోపలి అవాంఛిత రసాయన చర్యలు త్వరితమై ఆయువు తగ్గును.

ఈ విషయములలో ఏదియు ఉన్నత విద్యాలయములకు మాత్రమే చెందినది కాదు. ఓమ్ సూత్రము మన ఉన్నత పాఠశాలలలో పదవ తరగతి పిల్లలు చదువునదే, ఐటీఐలలో నేర్పునదే. ఆ సూత్రమును పరీక్షకాగితమునుండి ఆటో స్టాండునకు తెచ్చువారు కావలెను. స్టాండునకొక మీటరును, బండికొక చిన్న పుస్తకమును ఉంచుకొని, నెలకొకమాఱు విశ్రాంత వోల్టేజి, సెల్ఫు వోల్టేజి, చార్జింగు వోల్టేజి అను మూడంకెలను వ్రాసికొనుట చోదకుల సంఘములు ఆచారముగా చేసికొనదగినది. ఒకనెల అంకె ఏమియు చెప్పకపోవచ్చును. నెలనెలకు దిగుచున్న అంకెలు మాత్రము బండి ఆగకమునుపే దోషమును చెప్పును. మనుష్యులు తమ పనులను, చదువులను, ఆపత్సమయములను అప్పగించు వాహనమును నడుపువారికి ఆ ముందెఱుక కంటె విలువైన పనిముట్టు లేదు. అది సంపాదించుటకు కావలసినది ధనము కాదు, కొలిచి చూచి తరువాత నిర్ణయించు అలవాటు.